డిశ్చార్జ్ చేసి పంపేశారు సరే, ఇప్పుడు ఎవర్ని అడగాలి?

మా వాడికి ఏడేళ్ళు. పుట్టగానే ఏడవలేదు, పసికందుల ఐసీయూ, అదే ఎన్‌ఐసీయూలో పెట్టారు, అక్కడే ఫిట్స్ మొదలయ్యాయి, ఏడాది తిరిగేసరికి సెరిబ్రల్ పాల్సీ అని రాశారు, అంటే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు పట్టు తప్పడం. మింగడం సరిగ్గా రాదు కాబట్టి పొట్టకి పెట్టిన పెగ్ ట్యూబ్ తోనే తిండి. చూపు తక్కువ, అదీ కంటి లోపం వల్ల కాదు మెదడు వల్ల. కఫం వస్తే తనంతట తను దగ్గి బయటికి తీసుకోలేడు. నవ్వుతాడు మాత్రం, వాళ్ళ నాన్న బండి చప్పుడు వీధి మలుపులో వినపడగానే కాళ్ళు టపటపా కొట్టేస్తాడు.

ఈ మధ్య తెలిసినవాళ్ళు, వాళ్ళకి తెలిసినవాళ్ళు చాలామంది ఫోన్ చేస్తున్నారు, అక్కా మా పాపకి కూడా ఇలాగే అన్నారు, ఎక్కడికెళ్ళాలి, గవర్నమెంట్ వాళ్ళు ఏమన్నా ఇస్తారా, థెరపీ ఎక్కడ మంచిది అని. ఒక్కొక్కరికీ గంట గంట చెప్పే ఓపిక నాకు లేదు, వాడికి మూడు గంటలకోసారి ఫీడ్ పెట్టాలి, అందుకే తెలిసినదంతా ఒక్కచోట రాసేస్తున్నా. మాది తెనాలి వైపు కాబట్టి ఎక్కువ ఆంధ్రా సంగతులే ఉంటాయి, తెలంగాణ వాళ్ళకి తేడా ఉన్నచోట చెప్తాను.

మొదట ఒక మాట. మన దగ్గర ఏమీ లేదు అనేది నిజం కాదు. ఉన్నాయి, కానీ చెట్టుకొకటి పుట్టకొకటి. ఆస్పత్రి వైద్యశాఖ, పెన్షన్ ఇంకో శాఖ, బడి సంగతి విద్యాశాఖ, ఇన్సూరెన్స్ ఢిల్లీలో ఉండే నేషనల్ ట్రస్ట్. ఒకరి సంగతి ఇంకొకరికి తెలీదు. మేము చూపించిన ఒక పెద్ద ప్రైవేట్ ఆస్పత్రిలో డిశ్చార్జ్ సమ్మరీ దస్తాలకి దస్తాలు ఇచ్చారు, ఏ మందు ఎన్ని ఎంఎల్ అని అంతా ఉంది, ఇంటికెళ్ళాక ఈ పిల్లాడిని పెంచడానికి ఎవరు సాయం చేస్తారు అన్నది ఒక్క లైను లేదు. డాక్టర్లని తిట్టట్లేదు, వాళ్ళు ఫిట్స్ ఆపారు, ప్రాణం నిలబెట్టారు, ఆ పని వాళ్ళు బాగానే చేశారు. మిగతాది చెప్పే ఉద్యోగం అక్కడ ఎవరికీ లేదు, అంతే. అడగందే అమ్మయినా పెట్టదంటారు కదా, ఇక్కడ ఆ అమ్మ ఎవరో, ఏ ఆఫీసులో కూర్చుంటుందో కూడా మనమే వెతుక్కోవాలి.

అన్నిటికీ మూలం సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఏంటో, ఎంత శాతమో గవర్నమెంట్ డాక్టర్లు చూసి ఇచ్చే కాగితం. చాలామంది తల్లిదండ్రులు ఇక్కడే ఆగిపోతారు, నా కొడుకుని వికలాంగుడని నేనే కాగితం మీద రాయించనా అని. మా అత్తగారు అలాగే బాధపడింది, ఇంకా చిన్నోడే కదమ్మా నడుస్తాడేమో చూద్దాం అంది. నడిస్తే సంతోషమే, అప్పుడు చింపేద్దాం అమ్మా అని మా ఆయన అన్నాడు, ఇక ఆవిడేమీ మాట్లాడలేదు. చిన్నపిల్లలకి మామూలుగా టెంపరరీ సర్టిఫికెట్టే ఇస్తారు, ఇన్నేళ్ళని గడువు ఉంటుంది, తర్వాత మళ్ళీ చూస్తారు. కాబట్టి అది జీవితాంతం ముద్ర పడిపోవడమేమీ కాదు. ఆ గడువు తేదీ మాత్రం క్యాలెండర్లో ఎర్ర పెన్నుతో రాసి పెట్టుకోండి.

ఆంధ్రాలో సచివాలయంలో గానీ మీసేవలో గానీ స్లాట్ బుక్ చేస్తారు. స్లాట్లు వదిలినప్పుడే దొరుకుతాయి, వదిలిన రోజే అయిపోతాయి, అందుకని మీ వెల్ఫేర్ అసిస్టెంట్ తో మంచిగా మాట్లాడి, తమ్ముడూ ఓపెన్ అవగానే ఒక్క ఫోన్ కొట్టు అని చెప్పి ఉంచుకోవడం మేలు. తెలంగాణలో 2025 నుంచి యూడీఐడీ పోర్టల్ లోనే అప్లై చేయాలి. యూడీఐడీ అంటే కేంద్రం ఇచ్చే కార్డు, దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది, పెద్ద పేరు స్వావలంబన్ కార్డు.

ఆ స్లాట్ ప్రకారం డాక్టర్లు పిల్లాడిని చూసే క్యాంపు రోజు గురించి కాస్త వివరంగా చెప్తాను, ఇక్కడ చిన్న చిన్న వాటికే పనులు చెడతాయి. మన పిల్లలకి ఒక్క సమస్య ఉండదు కదా, ఎముకల డాక్టరు కాళ్ళూ చేతులూ చూసి పర్సెంటేజీ వేసేస్తాడు, చూపు సంగతి, తెలివి సంగతి ఆయన చూడడు. కాబట్టి ముందే చెప్పాలి, సార్ వీడికి ఒకటి కాదు, మల్టిపుల్ కింద చూడండి, కంటి డాక్టరుకీ సైకాలజీ వాళ్ళకీ కూడా రాయండి అని. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలు ఉన్నాయి, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఆటిజం, తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్, కండరాల క్షీణత, ఒకటి కంటే ఎక్కువ ఉన్నవాళ్ళు, అన్నీ అందులోవే. 40 శాతం, ఆపైన ఉంటేనే చాలా పథకాలు వర్తిస్తాయి. రెండు పర్సెంటేజీలు ఉంటే మామూలు కూడికలా కూడరు, వాళ్ళకో ఫార్ములా ఉంది, దాని గురించి అక్కడ గొడవ పెట్టుకుని లాభం లేదు.

ఇంకా ముఖ్యమైనది, సర్టిఫికెట్ మీద జబ్బు పేరు. కొన్నిసార్లు సీపీ, అంటే సెరిబ్రల్ పాల్సీ, పిల్లలకి ఒట్టి లోకోమోటర్ (కాళ్ళూ చేతుల కదలిక లోపం) అని పడుతుంది. పెన్షన్ వరకు అది సరిపోతుంది గానీ తర్వాత చెప్పబోయే నిరామయకి సరిపోదు, దానికి సెరిబ్రల్ పాల్సీ అనో, మల్టిపుల్ డిజెబిలిటీస్ అనో స్పష్టంగా ఉండాలి. కౌంటర్ దగ్గరే చదివి చూసుకోండి, బయటికొచ్చాక మార్పించడం అంటే తలప్రాణం తోకకొస్తుంది. ఎంఆర్‌ఐ, ఈఈజీ రిపోర్టులు, డెవలప్‌మెంట్ టెస్టు రిపోర్టు, ఫిట్స్ వచ్చినప్పుడు ఫోన్లో తీసిన వీడియో, అన్నీ పట్టుకెళ్ళండి. ఆ వీడియో చూపించాక మా బోర్డు డాక్టరమ్మ మాట్లాడే తీరే మారిపోయింది. ఫీడ్ టైము చూసుకుని వెళ్ళండి, అక్కడ గంటలు గంటలు కూర్చోబెడతారు, వేడి నీళ్ళ ఫ్లాస్కు, సిరంజి, పాత దుప్పటి ఒకటి బ్యాగులో ఉండాలి.

పెన్షన్ గురించి అందరికీ తెలిసిందే. ఆంధ్రాలో దివ్యాంగుల పెన్షన్ 2024 జూలై నుంచి 3,000 బదులు 6,000, ఒకటో తారీకున ఇంటికొచ్చి ఇస్తారు. పూర్తిగా మంచానికి పరిమితమైపోయిన కొన్ని కేటగిరీలకి 15,000 ఉంది. డయాలసిస్, తలసేమియా లాంటివాటికి 10,000. తెలంగాణలో దివ్యాంగులకి 4,016. మాకు వచ్చేది 6,000, అది వాడి డైపర్లకీ ఫిట్స్ మందులకీ అటూ ఇటూగా సరిపోతుంది. లేనిదాని కంటే నయం అని ఊరుకోను, చాలా నయం. 2025లో రీవెరిఫికేషన్ అన్నప్పుడు చాలా ఇళ్ళలో భయపడ్డారు. అందుకే అంటున్నా, పాత సర్టిఫికెట్ ఒరిజినల్, దాని జిరాక్సులు, పిల్లాడి ఫోటోలు ఎప్పుడూ ఒక ఫైల్లో ఉండాలి.

ఇప్పుడు నిరామయ. ఇది చాలామందికి తెలీదు, నాకు బాధ అనిపించేది కూడా ఇదే. మామూలు హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీలకి ఫోన్ చేసి మా అబ్బాయికి సీపీ అని చెప్పగానే ఫోన్ పెట్టేస్తారు లేకపోతే ముందున్న జబ్బు కదండీ అంటారు. నిరామయ అలా కాదు, నేషనల్ ట్రస్ట్ వాళ్ళది, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, మల్టిపుల్ డిజెబిలిటీస్ ఈ నాలుగింటి కోసమే పెట్టింది. ముందు టెస్టులు అడగరు, ముందున్న జబ్బు అనే మాటే లేదు, ఏడాదికి లక్ష రూపాయల వరకు. కట్టేది చూస్తే నవ్వొస్తుంది, చేరేటప్పుడు తెల్లకార్డు వాళ్ళకి 250, మిగతావాళ్ళకి 500, తర్వాత రెన్యువల్ 50, 250. ఆస్పత్రిలో చేరితేనే అని కాదు, ఓపీ, మందులు, టెస్టులు, ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ కూడా, ఒక్కోదానికి ఇంత అని లిమిట్ ఉంటుంది. నేషనల్ ట్రస్ట్ దగ్గర రిజిస్టర్ అయిన సంస్థ ఏదో ఒకటి మీ జిల్లాలోనో పక్క జిల్లాలోనో ఉంటుంది, వాళ్ళ ద్వారా చేరాలి.

తిరకాసు ఎక్కడంటే ముందు మన జేబులోంచి పెట్టుకుని తర్వాత బిల్లులు పంపాలి. డాక్టరు చీటీ ఒరిజినల్, బిల్లు ఒరిజినల్, థెరపీ అయితే ఏ తారీకుల్లో ఎన్ని సెషన్లు అన్నది లెటర్ హెడ్ మీద. మన వీధి చివర ఫిజియో ఆయన తెల్లకాగితం మీద రాసిస్తే చెల్లదు. మార్చి 31కి ఏడాది అయిపోతుంది, రెన్యువల్ మర్చిపోతే మళ్ళీ మొదటికొస్తుంది. నేనైతే బిల్లుల కోసం పాత పెళ్ళి కార్డుల డబ్బా ఒకటి ఫ్రిజ్ మీద పెట్టాను, మందుల షాపు నుంచి రాగానే మా ఆయన అందులో పడేస్తాడు, నెలాఖరుకి నేను కూర్చుని సర్దుతాను.

ఆరోగ్యశ్రీ, అదే ఇప్పుడు ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవ, ఆపరేషన్లకీ ఐసీయూకీ దేవుడే. గుండెలో రంధ్రం ఉన్న పిల్లలు, కాక్లియర్ ఇంప్లాంట్ కావాల్సిన పిల్లలు ఎంతమంది దానివల్ల బాగుపడ్డారో. కానీ మన పిల్లల ఖర్చు ఆపరేషన్ ఒక్కదానిది కాదు, రోజూ పడే ఖర్చు, ఆ రోజూ పడేదానికి అది రాదు. చేరినప్పుడు ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గరికి వెళ్ళి అడగడం మాత్రం మానొద్దు.

థెరపీల సంగతికొద్దాం. అంగన్‌వాడీకి, బడికి వచ్చి పిల్లల్ని చూసే ఆర్‌బీఎస్‌కే టీములు ఉంటాయి, 2013లో మొదలైన పథకం, పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ వరకు. వాళ్ళు రాస్తే జిల్లా స్థాయిలో ఉండే డీఈఐసీకి పంపుతారు, అంటే చిన్నపిల్లల డాక్టరు, ఫిజియో, స్పీచ్, సైకాలజిస్టు, స్పెషల్ టీచరు ఒకే కప్పు కింద ఉండాల్సిన చోటు. ఉండాల్సిన అని ఎందుకన్నానంటే కొన్ని చోట్ల పోస్టులు ఖాళీ. వెళ్ళేముందు ఫోన్ చేసి స్పీచ్ వాళ్ళు ఏ రోజు ఉంటారో కనుక్కోండి. ఫ్రీ కదా ఏం బాగుంటుందిలే అనుకోవద్దు, పక్క ఊరి పాప ఒకతి ప్రైవేట్ సెంటర్ మానేసి అక్కడికే వెళ్తోంది, ఆ ఫిజియో అమ్మాయి చెయ్యి అంత బాగుంది.

సికింద్రాబాద్ లో మనోవికాస్ నగర్ అని బోయిన్‌పల్లి దగ్గర, నీపిడ్ ఉంది, బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళ కోసం 1984లో పెట్టిన కేంద్ర సంస్థ, పాతవాళ్ళు ఇప్పటికీ ఎన్‌ఐఎంహెచ్ అనే అంటారు. తెలుగువాళ్ళకి ఇంత దగ్గర్లో ఇది ఉండడం మన అదృష్టం అని నేను గట్టిగా నమ్ముతాను, తమిళనాడు నుంచీ ఒడిశా నుంచీ వచ్చే తల్లులు అక్కడ కనపడతారు. దూరం నుంచి వచ్చేవాళ్ళ కోసం ఫ్యామిలీ కాటేజీలు ఉన్నాయి, తక్కువ అద్దె, కొన్నాళ్ళు పిల్లాడితో ఉండి, ఇంటి దగ్గర ఏం చేయాలో నేర్చుకుని రావచ్చు. పిల్లాడికి వాళ్ళు థెరపీ చేసేయడం కాదు, మనకి నేర్పడం, అదే నాకు నచ్చింది. పడుకోబెట్టేటప్పుడు కాళ్ళు కత్తెరలా పడకుండా మోకాళ్ళ మధ్య తువ్వాలు చుట్ట ఎంత లావు ఉండాలో, కూర్చోబెట్టేటప్పుడు ముందు నడుం వెనక్కి నెట్టి ఆ తర్వాతే బెల్టు ఎందుకు పెట్టాలో అక్కడ ఒక మేడమ్ నా చేత చేయించి, తప్పుంటే మళ్ళీ చేయించి, ఇప్పుడు మీ ఆయన్ని రమ్మనండి ఆయన కూడా చేయాలి అంది. మా ఆయన సిగ్గుపడుతూ చేశాడు, ఇప్పుడు నాకంటే బాగా చేస్తాడు.

రైలు టికెట్ లో రాయితీ ఉంది, తోడు లేకుండా ప్రయాణం చేయలేరు అని డాక్టరు రాసిన రైల్వే ఫార్మాట్ సర్టిఫికెట్ ఉంటే స్లీపర్, థర్డ్ ఏసీలో 75 శాతం, పిల్లాడికీ తోడు వెళ్ళే ఒకరికీ. దాని కార్డుకి ఇప్పుడు ఆన్‌లైన్ లోనే అప్లై చేయొచ్చు.

చూపు గురించి ఎవరూ పట్టించుకోరు, కళ్ళు మామూలుగానే ఉన్నాయి కదా అంటారు. సీపీ పిల్లల్లో చాలామందికి కంటితో చూసినదాన్ని మెదడు సరిగ్గా అందుకోలేకపోవడం అనే సమస్య ఉంటుంది, దాన్ని సీవీఐ అంటారు. మాకైతే విజయవాడ తాడిగడప ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలో చెప్పారు, అక్కడ విజన్ రిహాబ్ విభాగం ఉంది, డబ్బు లేనివాళ్ళకి ఫ్రీగానే చూస్తారు. వాళ్ళు చెప్పినవన్నీ ఇంట్లో ఉన్న వస్తువులతోనే. బొమ్మలన్నీ ఒకేసారి ముందు పోయొద్దు, నల్ల దుప్పటి పరిచి దాని మీద ఒక్క వస్తువు, ఎర్రదో పసుపుదో, మెరిసేదైతే ఇంకా మంచిది, చప్పుడు లేని గదిలో, నెమ్మదిగా పక్కకి జరపాలి. మేము స్టీలు గ్లాసుకి ఎర్ర రిబ్బన్ చుట్టి టార్చ్ వేసేవాళ్ళం. మొదట్లో ఏమీ లేదు, కొన్ని నెలలకి తల ఇటు తిప్పడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆ గ్లాసు కనపడకపోతే అలుగుతాడు.

వీల్‌చైర్, సీపీ చైర్ లాంటివి ఏడిప్ అనే కేంద్ర పథకంలో, అలిమ్కో అనే కేంద్ర సంస్థ వాళ్ళు క్యాంపులు పెట్టి ఇస్తారు. మంచివే. కాకపోతే కొలతలు తీసుకున్న క్యాంపుకీ కుర్చీ చేతికొచ్చే క్యాంపుకీ మధ్య పిల్లాడు పెరిగిపోతాడు, కాబట్టి కొలతలప్పుడే కాస్త పెద్ద సైజు అడగండి, ఖాళీని దిండ్లతో నింపుకోవచ్చు.

ఇక ఇంటి సంగతి. దీని గురించి రాయడానికే అసలు కూర్చున్నాను.

పెగ్ ఫీడ్ అంటే బయటివాళ్ళకి ఏదో పెద్ద మిషన్ అనుకుంటారు. రాగి జావో, పప్పూ అన్నం మెత్తగా మిక్సీ వేసిందో, పల్చగా చేసి జల్లెడలో కాదు పల్చటి నూలు గుడ్డలో వడకట్టాలి, ఎంత చిన్న పలుకు ఉన్నా గొట్టం మూసుకుపోతుంది. 50 ఎంఎల్ సిరంజి పిస్టన్ తీసేసి, పైకి ఎత్తి పట్టుకుంటే దానంతటదే దిగుతుంది, తొయ్యకూడదు. అయ్యాక మంచినీళ్ళు పోసి కడగాలి, అరగంట తల ఎత్తే ఉంచాలి. రోజుకి ఇన్నిసార్లు, అర్ధరాత్రి కూడా. కఫం పడితే సక్షన్ మెషిన్. కరెంటు పోతే? మా ఊళ్ళో వర్షాకాలం పోతుంది. ఇన్వర్టర్ ఉంది గానీ దాన్ని నమ్మలేం, కాలితో తొక్కే సక్షన్ పంపు ఒకటి సర్జికల్ షాపులో దొరుకుతుంది, ఇలాంటి పిల్లలున్న ప్రతి ఇంట్లో మంచం కింద ఒకటి ఉండాలి. మా సర్జికల్ షాపు అన్న మొదట మెషిన్ అద్దెకి ఇచ్చాడు, ముందు వాడి చూడమ్మా అక్కర్లేకపోతే తిరిగివ్వు అని. ఏ ఆఫీసూ చేయని సాయం అది.

ఈ పనికి సాయం చేసే సర్వీసు మన దగ్గర లేదు. ఆశా వర్కర్, ఏఎన్ఎం వస్తారు, పాపం వాళ్ళకి టీకాలు, గర్భిణులు, రిజిస్టర్లు, గొట్టం ముట్టుకోమంటే భయపడతారు. ఏజెన్సీల నర్సులు సిటీలో ఉంటారు, ఆ జీతం మా ఆయన జీతంలో సగానికి పైనే. అమ్మ వచ్చి ఉంటుంది, ఆమెకి మోకాళ్ళ నొప్పులు, పదిహేడు కిలోల పిల్లాడిని ఎత్తలేదు. పెళ్ళికి వెళ్తే ఇద్దరం వెళ్ళం, ఒకరు వెళ్ళి ఒకరుంటాం, ఇన్నేళ్ళలో అదే అలవాటైపోయింది.

మా వదిన కాలిఫోర్నియాలో ఉంటుంది, వాళ్ళ చిన్నబాబుకి ఆటిజంతో పాటు ఫిట్స్ ఉన్నాయి. అక్కడ 1969లో వచ్చిన లాంటర్‌మన్ చట్టం ప్రకారం రీజనల్ సెంటర్లని రాష్ట్రం మొత్తానికి 21 ఉన్నాయట, ఒక్కో కుటుంబానికి ఒక కోఆర్డినేటర్, ఆవిడే ఏ సర్వీసు ఎక్కడ అని చెప్తుంది, రెస్పైట్ అని చెప్పి నెలకి కొన్ని గంటలు ఎవరో వచ్చి పిల్లాడిని చూసుకుంటే వీళ్ళు బయటికెళ్ళొచ్చు. వినగానే కుళ్ళుకున్నాను, ఒట్టు. అదే వదిన ఒకరోజు వీడియో కాల్లో, నీకు కనీసం అత్తయ్య ఉంది, పక్కింటి వాళ్ళున్నారు, నాకు ఇక్కడ జ్వరమొస్తే గంజి పెట్టేవాళ్ళు లేరు అని ఏడ్చింది. వాళ్ళ అన్నయ్య టెక్సాస్ లో ఉంటాడు, అక్కడైతే అలాంటి సాయం కోసం పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి లిస్టులో ఉండాల్సిందేనట. అమెరికా అంటే అంతా ఒకటి కాదన్నమాట. నాకు అక్కడి డబ్బు మీద కంటే ఆ కోఆర్డినేటర్ అనే మనిషి మీదే ఈర్ష్య. ఒక జిల్లాకి అలాంటి మనిషి ఒక్కరున్నా, ఈ సదరం, నిరామయ, కింద బడి దగ్గర చెప్పే భవిత, రైల్వే కార్డు అన్నీ ఒకే నోట వినపడేవి. కొత్త పథకం పెట్టక్కర్లేదు, ఉన్నవాటిని చెప్పే మనిషిని పెడితే చాలు, ఎన్‌ఐసీయూ బయటే ఒక కుర్చీ వేసి.

పాలియేటివ్ కేర్ అనగానే అది చావుకి దగ్గరైన క్యాన్సర్ వాళ్ళకి కదా అనుకుంటారు, నేనూ విన్నప్పుడు గుండె ఝల్లుమంది. పిల్లల విషయంలో అలా కాదు, వైద్యం నడుస్తుండగానే నొప్పి, నిద్ర, ఫీడింగ్, ఇంట్లో వాళ్ళ మనసు, ఇవన్నీ చూసేది అది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో పిల్లలకి ప్రత్యేకంగా ఆ విభాగం ఉంది, తెలంగాణలో జిల్లాల్లో కూడా పాలియేటివ్ సెంటర్లు పెట్టారు. మీ న్యూరాలజిస్ట్ ని ఒకసారి అడగండి, భయపడకుండా.

జన్యు జబ్బుల పిల్లలున్నవాళ్ళకి ఒక్క మాట. ఎస్ఎంఏ (కండరాలు బలహీనపడిపోయే జబ్బు), స్టోరేజ్ జబ్బులు (ఒంట్లో కొన్ని పదార్థాలు పేరుకుపోయేవి) లాంటివాటికి 2021 రేర్ డిసీజెస్ పాలసీ కింద ఒక్కో పేషెంటుకి 50 లక్షల వరకు కేంద్రం సాయం ఉంది, నిర్ణయించిన సెంటర్ల ద్వారానే, మనకి దగ్గరది హైదరాబాద్ నిమ్స్. కొన్ని మందులు ఏడాదికే ఆ మొత్తం దాటిపోతాయి, అది వేరే కథ. తలసేమియా, సికిల్ సెల్ అయితే హైదరాబాద్ లో 1998 నుంచి ఉన్న తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఉంది. అనంతపురం వైపు వాళ్ళకి ఆర్డీటీ, విశాఖ వాళ్ళకి లెబెన్‌షిల్ఫే, సికింద్రాబాద్ లో స్వీకార్, ఇవి దివ్యాంగుల కోసం ఏళ్ళుగా పనిచేస్తున్న పాత సంస్థలు.

బడి. మా వాడు బడికి వెళ్ళలేడు కానీ మా ఊరి గవర్నమెంట్ స్కూల్ రిజిస్టర్లో పేరుంది. సమగ్ర శిక్షా కింద మండలానికో భవిత కేంద్రం ఉంటుంది, అక్కడి స్పెషల్ టీచర్లు రాలేని పిల్లల ఇంటికి వచ్చి చెప్తారు, భవిత దగ్గర ఫిజియోథెరపిస్ట్ కూడా కొన్ని రోజులు వస్తారు. వచ్చేది తక్కువసేపే. కానీ ఆ టీచర్ వచ్చిన రోజు వీడి పేరు గట్టిగా పిలిచి, ప్రెజెంట్ సార్ అని తనే అని, రిజిస్టర్లో టిక్ పెడుతుంది, మా వాడికి అదంటే ఎంత ఇష్టమో. 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచిత చదువు హక్కు చట్టంలోనే ఉంది, హెడ్మాస్టర్ గారు ఈ పిల్లాడికెందుకమ్మా అంటే మర్యాదగా ఆ మాట చెప్పండి, రాసి ఇవ్వమనండి. రాసి ఇవ్వమంటే చాలామంది చేర్చుకుంటారు.

ఉద్యోగస్తులకి. ఇన్‌కమ్ ట్యాక్స్ లో ఇలాంటి పిల్లలున్నవాళ్ళకి (2026 మార్చి వరకు 80డీడీ సెక్షన్ అనేవాళ్ళు) వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే 75,000, 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000 ఆదాయంలో తగ్గింపు, నిజంగా ఎంత ఖర్చయిందన్నది లెక్క కాదు, పాత పద్ధతిలో కట్టేవాళ్ళకే. సీపీ, ఆటిజం, మల్టిపుల్ అయితే దానికని వేరే ఫారంలో డాక్టరు సర్టిఫికెట్ కావాలి. సెంట్రల్ గవర్నమెంట్ వాళ్ళకైతే ఇలాంటి పిల్లల్ని చూసుకునే ఉద్యోగికి రొటీన్ ట్రాన్స్‌ఫర్ల నుంచి మినహాయింపు అడిగే వీలుంది, 2014లో ఆర్డర్ ఇచ్చారు, చైల్డ్ కేర్ లీవుకి పిల్లల వయసు లిమిట్ కూడా ఉండదు. ప్రైవేట్ వాళ్ళకి, షాపుల్లో పనిచేసేవాళ్ళకి ఇవేమీ లేవు, మా ఆయనలాంటి వాళ్ళకి యజమాని మంచోడైతే మంచోడు, అంతే. పిల్లలకి 18 దగ్గర పడుతున్నవాళ్ళు లీగల్ గార్డియన్ షిప్ చూసుకోండి, నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ గారు ఉండే లోకల్ లెవెల్ కమిటీ ఇస్తుంది. 18 దాటాక తల్లిదండ్రులం అన్నమాట బ్యాంకులో చెల్లదు.

ఇవన్నీ నాకు చెప్పిందెవరు అనుకుంటున్నారు? థెరపీ సెంటర్ వరండాలో కూర్చున్న తల్లులు. లోపల నలభై నిమిషాల సెషన్, బయట బెంచీ మీద మేము. నిరామయ అనే పేరు నేను మొదట విన్నది ఒక మంగళగిరి ఆవిడ నోట, చీరలు నేసే ఇల్లు వాళ్ళది, చదువుకున్నది ఏడో తరగతే, కానీ ఏ ఫారానికి ఎన్ని జిరాక్సులో ఆవిడకి కంఠతా. వదినా నువ్వు చదువుకున్నదానివి కదా, ఇది కూడా తెలీదా అని నన్ను కేకలేసి మరీ చెప్పింది. ఆవిడే గ్రూప్ పెట్టింది, అందులో అర్ధరాత్రి రెండింటికి గొట్టం ఊడొచ్చేసింది ఏం చేయాలి అంటే ఎవరో ఒకరు మేలుకునే ఉంటారు. మీ సెంటర్లో గ్రూప్ లేకపోతే మీరే పెట్టండి.

గ్రూపుల్లో ఒక జాగ్రత్త. స్టెమ్ సెల్ ఎక్కిస్తే సీపీ తగ్గిపోతుంది, లక్షల ప్యాకేజీ అని మెసేజ్‌లు వస్తుంటాయి, ఆశపడి పొలం అమ్ముకున్నవాళ్ళని నేను చూశాను. కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ 2017 గైడ్‌లైన్స్ లో రక్తానికి సంబంధించిన కొన్ని జబ్బులకి తప్ప, అనుమతి ఉన్న ట్రయల్స్ బయట స్టెమ్ సెల్ వైద్యం చేయకూడదని స్పష్టంగా ఉంది. ట్రయల్ అయితే మన దగ్గర డబ్బు తీసుకోరు. ఎవరైనా డబ్బు అడిగారంటే అక్కడే తెలిసిపోతుంది కదా. అలాగే ఎవరో పసరు పోస్తారంటే ఫిట్స్ మందులు ఆపేయొద్దు, దయచేసి, ఆ మందులు ఒక్కసారిగా ఆపితే ఐసీయూకే.

తల్లులకి ఇంకోటి. నిద్ర లేక, ఏడుపొచ్చి, పిల్లాడి మీద అరిచేసి, ఆ తర్వాత కుమిలిపోయే రోజులు ఉంటాయి. టెలి మానస్ అని గవర్నమెంట్ వాళ్ళ మానసిక సాయం ఫోన్ లైను ఉంది, 14416కి చేస్తే తెలుగులో మాట్లాడతారు, ఫ్రీ. నేను చేశాను, అవతల అమ్మాయి సలహాలేమీ ఇవ్వకుండా చాలాసేపు వింది. అది చాలు అనిపించింది ఆరోజు.

ఇక నాకు కావాల్సింది అడుగుతాను. తెనాలి, దుగ్గిరాల, మంగళగిరి వైపు గొట్టంతో ఫీడ్ పెట్టడం తెలిసిన ఆయమ్మ గానీ, నేర్చుకుంటాను అనే ఓపిక ఉన్న మనిషి గానీ ఎవరైనా తెలిస్తే చెప్పండి. రోజూ అక్కర్లేదు, వారానికి రెండు మధ్యాహ్నాలు చాలు, డబ్బులు ఇస్తాం, నేనే దగ్గరుండి నేర్పిస్తాను. మా గ్రూపులో ఇంకో ముగ్గురు తల్లులు కూడా ఇదే వెతుకుతున్నారు, మనిషి దొరికితే నలుగురం వంతులేసుకుని వాడుకుంటాం, ఆమెకీ నెల గడుస్తుంది.